గుర్రుమనని పెట్టె

పూర్తిగా చెడిపోయిన వస్తువు ముందు నేను తెలివిగానే ఉంటాను. ఫ్యాను తిరగకపోతే కెపాసిటర్ మారుస్తాను, మోటారు కాలిపోతే వైండింగ్‌కు ఇస్తాను. ఈ రోజు పనిచేసి, రేపు మొరాయించి, ఎల్లుండి ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిచేసే వస్తువు ఎదురైతే మాత్రం నాలోని మూఢుడు చొక్కా చేతులు మడిచి ముందుకొస్తాడు. వాడు నా చేత చేయించిన పనులన్నీ రాసి పెట్టమన్నది నా భార్య. మరచిపోతే మళ్ళీ చేస్తానని ఆమె భయం.

మాది తాయిల్పట్టి. ఒక దిక్కు శివకాశి, ఒక దిక్కు సాత్తూరు. నా పని లేబుళ్ళు గీయడం. పటాకుల డబ్బాల మీద పులి, నెమలి, చక్కని పిల్లలు. దినసరి కేలండర్ అట్టల మీద మురుగన్, లక్ష్మి. 1920ల మొదట్లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చారు. అగ్గిపెట్టెల వెనక పటాకులు వచ్చాయి, రెండింటికీ కాగితాలు చుట్టాలి గనక ప్రెస్సులు వచ్చాయి, ప్రెస్సుల వెనక చాలా ఆలస్యంగా నేను వచ్చాను. వానలు తక్కువ, గాలి పొడి, అందుకే మందుగుండు పనికి ఈ నేల కుదిరిందని చెబుతారు. ఆ పొడి గాలి సంగతి కాస్త గుర్తుంచుకోండి. తర్వాత దాన్ని కూడా ముద్దాయిల్లో చేర్చాను.

ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. ఈ కరిసల్ కాట్లో, అంటే నల్లరేగడి సీమలో, మాలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగే. రాసింది తమిళంలో, 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. తెలుగు దేశం విడిచి దక్షిణానికి నడిచొచ్చిన మా మనుషుల కథ ఆయన ‘గోపల్ల గ్రామం’, 1976 నాటి నవల. అది చదివాక నాకూ బుద్ధి పుట్టి మా అవ్వ చెప్పే వలస కథలు, పొడుపు కథలు, తిట్లు, ఒప్పారి అనే చావు పాటలు ఫోన్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. రికార్డు చేయడం, కంప్యూటర్‌లో పడేయడం, ఫోన్‌లోంచి తీసేయడం. ఒక్కటీ తిరిగి విన్నది లేదు. వినడానికి జీవితమంతా ఉంది గదా అనుకున్నాను.

ఆ కంప్యూటర్ విడి భాగాలు కొని కూర్పించుకున్నది. విండోస్ ఉన్నది చిన్న ఎస్‌ఎస్‌డి మీద, అది సి. తక్కిన సమస్తం ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్ మీద, అది డి. 2018లో సుప్రీం కోర్టు పటాకుల్లో బేరియం ఉప్పులు కూడదన్నాక, ఆ మరుసటేడు హరిత పటాకులు వచ్చాక, డబ్బాల మీద కొత్త ముద్ర, క్యూఆర్ కోడ్ చేరాయి. అందుకోసం తిరగ గీసిన లేబుళ్ళన్నీ డిలోనే. ‘అవ్వ’ అనే ఫోల్డరూ అందులోనే.

ఒక ఉదయం సి ఉంది, డి లేదు. ఆపి మళ్ళీ వేస్తే వచ్చింది.

తెలివైనవాడి కథ ఇక్కడ ముగిసిపోతుంది. కనబడింది కదా, ఆ పూటే ఇంకో డిస్క్ మీదికి కాపీ తీసుకుని, ఆ తర్వాత తీరిగ్గా రోగం వెతుక్కుంటాడు. నేనేం చేశానంటే, నిజంగా బాగైందో లేదో చూద్దామని మళ్ళీ ఆపి మళ్ళీ వేశాను. కనబడింది. సంతోషం పట్టలేక ఇంకోసారి ఆపాను. ఈసారి కనబడలేదు. ఆ తర్వాత నెలల తరబడి ఇదే నా పద్ధతి. డిస్క్ కనబడిన ప్రతిసారీ అది కనబడుతుందో లేదో పరీక్షించడానికే ఆ అవకాశాన్ని ఖర్చుపెట్టాను.

మొదట విండోస్‌ను అనుమానించాను. కంప్యూటర్‌కు కరెంటు తగలగానే ముందు లేచేది బయోస్. ఏ డిస్కు ఉంది, ఏది లేదు అని హాజరు వేసుకుని, అప్పుడు విండోస్‌ను పిలుస్తుంది. బయోస్ తెర తెరిచి చూస్తే, డిస్క్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. అంటే విండోస్ నిద్ర లేవకముందే డిస్క్ తప్పిపోయింది. ఇది నా కళ్ళారా చూశాను. చూసి, విండోస్ మళ్ళీ ఎక్కించాను.

ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాను. పొరబాటున డిని తుడిచేస్తానేమోనని దాని తీగలు పీకేసి, పని ముగిశాక మళ్ళీ తగిలించాను. డి ఠక్కున వచ్చింది. ఆ రోజూ వచ్చింది, మరుసటి రోజూ వచ్చింది. చాలా రోజులు వచ్చింది. ప్రెస్‌లో ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా: అంతా విండోస్ మహిమ, మీరూ ఏడాదికోసారి మార్చుకోండి అని. పీకి పెట్టడం వల్ల బాగై ఉండొచ్చన్న ఆలోచన రాలేదు. ప్లగ్గుల్లోని లోహం ముక్కల మీద కాలం గడిచేకొద్దీ పల్చని పొర పడుతుంది; పీకి పెడితే ఆ రాపిడికి పొర గీసుకుపోయి లోహం లోహానికి తగులుతుంది, కొన్నాళ్ళు బండి నడుస్తుంది. నేను చేసిన పనుల్లో పనికొచ్చింది నేను లెక్కలోకి తీసుకోని పనే.

చిత్తిరై నెల చివర్లో కత్తిరి ఎండలు వచ్చాయి. డి మళ్ళీ మాయం. ఈసారి ముద్దాయి వేడి. క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను దాని మీదికి తిప్పాను. డి వచ్చింది! ఇంట్లో మనుషులు చెమటలు కక్కుతుంటే ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కంప్యూటర్‌కు వీస్తోంది. పక్క రేకు బిగిస్తే లోపలి తీగల గుత్తిని అది అదుముతుందనీ, తీస్తే తీగలు ఊపిరి పీల్చుకుంటాయనీ నాకు తట్టలేదు. గాలి వల్ల వచ్చిందనే నమ్మాను. నమ్మకానికి తగ్గట్టు ఎండలు తగ్గాక ఫ్యాను తీసేసి, రేకు బిగించాను. చల్లని రోజున డి పోయింది.

అప్పుడు దుమ్ము. ఇక్కడి పొడి గాలికి నల్లమన్ను మెత్తగా లేచి ఎక్కడబడితే అక్కడ దూరుతుందని నాకు నేనే ఒక ఉపన్యాసం ఇచ్చుకుని, బ్లోయర్ తెచ్చి, భాగాలన్నీ విప్పి ఊది మళ్ళీ బిగించాను. మళ్ళీ పీకి పెట్టానన్నమాట. మళ్ళీ కొన్నాళ్ళు బాగుంది. దుమ్ము సిద్ధాంతం గెలిచింది.

తర్వాత మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ళ బ్యాటరీ. సీఆర్2032, మూడు వోల్టులు. అది అయిపోతే గడియారం తప్పుతుంది, సెట్టింగులు మరచిపోతుంది. నా కంప్యూటర్ గడియారం నిమిషం కూడా తప్పలేదు. అయినా ఎవరో అన్నారని మార్చాను. మార్చేసరికి బయోస్ సెట్టింగులన్నీ మొదటికొచ్చాయి, డిస్క్‌లతో మాట్లాడే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారింది, దాంతో అప్పటిదాకా చక్కగా ఉన్న సి కూడా తెరుచుకోలేదు. నీలం తెర. లేని రోగానికి మందు వేసి కొత్త రోగం తెచ్చుకోవడంలో నాది అందె వేసిన చెయ్యి. ఆ నీలం తెర నుంచి బయటపడ్డాక ఎంత పొంగిపోయానంటే, డి సంగతి కొన్ని రోజులు మరచిపోయాను.

డేటా కేబుల్ కూడా మార్చాను. ఇది వివేకం ఉన్నవాళ్ళు మొదటే చేసే పని. నేను మార్చింది మాత్రం సొరుగులో ఏళ్ళుగా పడి ఉన్న పాత కేబుల్‌తో. ఏడు కాళ్ళ ఆ సాటా ప్లగ్గును పీకి పెట్టడానికి ప్రమాణాల్లో పెట్టిన హద్దు యాభై సార్లేనట. రోజూ పీకి ఆడుకోవడానికి చేసింది కాదు. పదిహేను కాళ్ళ కరెంటు ప్లగ్గు పక్కనే ఉంది. దాని మొహం కూడా చూడలేదు.

ఈ లోపల నాకు కొన్ని నియమాలు ఏర్పడ్డాయి. ముందు మానిటర్ వేయాలి, తర్వాత కంప్యూటర్. వేశాక ముప్పై దాకా లెక్కపెట్టాలి. రాకపోతే రీసెట్ నొక్కకూడదు, పూర్తిగా ఆపి, గోడ స్విచ్ తీసి, నీళ్ళు తాగి వచ్చి వేయాలి. అవ్వ ఆయుధ పూజ నాడు క్యాబినెట్‌కు గంధం కుంకుమ పెట్టి నిమ్మకాయ కోస్తే నవ్వినవాణ్ణి నేను. 1948లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త పావురాల మీద ఒక ప్రయోగం అచ్చు వేశాడు. పావురం ఏం చేసినా చేయకపోయినా, లెక్క ప్రకారం ఇంత సేపటికోసారి గింజలు పడతాయి. కొన్నాళ్ళకు ఒక పావురం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, ఇంకోటి తల ఊపడం. గింజలు పడే ముందు తాను ఏం చేస్తోందో దానివల్లే గింజలు పడ్డాయని వాటి లెక్క. నాకూ వాటికీ తేడా ఒక్కటే, అవి ఇంకొకరికి సలహాలు ఇవ్వలేదు.

అసలు సంగతి మొదట పట్టుకున్నది నా భార్య. ఆమె కంప్యూటర్ ముట్టుకోదు. ఒక పొద్దున గది ఊడుస్తూ అంది: “ఏం మామా, ఈపొద్దు పెట్టె గుర్రుమనలేదే?”

“గురక పెట్టడానికి అదేం మీ నాయనా?” అన్నాను.

ఆమె చీపురు పట్టుకుని పోయింది. ఆ రోజు డి కనబడలేదు. ఆమె అన్న మాటకూ, కనబడకపోవడానికీ నేను ముడి వేయలేదు. హార్డ్ డిస్క్ లోపల పళ్ళేలు ఉంటాయి, నిమిషానికి 7200 సార్లు తిరుగుతాయి. తిరగడం మొదలైనప్పుడు చప్పుడొస్తుంది. చప్పుడు లేదంటే మోటారు తిరగలేదు. మోటారు తిరగలేదంటే విండోస్, దుమ్ము, ఎండ, బ్యాటరీ అన్నీ నిర్దోషులు. చీపురు పట్టుకున్న మనిషి ఒక్క మాటలో కేసు తేల్చేస్తే, నేను మామగారి గురక మీదికి పోయాను.

చెప్పడానికి సిగ్గుపడే ఘట్టం ఇంకోటి ఉంది. కొట్టడం. ఒకసారి విసుగెత్తి క్యాబినెట్‌ను కుడి పక్క అరచేత్తో చరిచాను. డి వచ్చింది. అంతే, అదొక పద్ధతి అయిపోయింది. తిరుగుతున్న పళ్ళెం మీద చదివే హెడ్డు కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది, తల వెంట్రుక మందం దాని ముందు కొండంత. అది తిరగని వేళ చరిస్తే హెడ్డు పక్కకు ఒదిగి ఉంటుంది గనక బతికిపోతుంది. ఏ వేళ తిరుగుతోందో, ఏ వేళ లేదో నాకు తెలుసా? చెవులు భార్యకు అప్పగించినవాణ్ణి.

ఆడి నెల వచ్చింది. ఆడి పద్దెనిమిదో నాడు శివకాశి ప్రెస్సులు వచ్చే ఏటి కేలండర్ల ఆల్బమ్‌లు బయట పెడతాయి, ఆ రోజుకు ముందు మాలాంటివాళ్ళకు నిద్ర ఉండదు. ఒక సాయంత్రం పెద్ద ఫైలు సేవ్ అవుతుండగా డి మధ్యలోనే పోయింది. నడుస్తూ ఉండగా పోవడం అదే మొదలు. చరిచాను. వచ్చింది. వచ్చాక ఈ డ్రైవులో తప్పులున్నాయి, సరిచేయమంటావా అని విండోస్ అడిగింది.

ఇంకో కాపీ లేని డిస్క్ మీద సరిచేసే పని పెట్టకూడదు. చెడిన పట్టికను అది సరిచేస్తుంది గానీ, దాని దృష్టిలో సరైన పట్టిక ముఖ్యం, నీ ఫైళ్ళు కాదు. ఏ ఫైలు ముక్క ఏ పేరుదో తేలకపోతే పేరు పీకేసి, ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో, ఫైల్0000.సీహెచ్‌కే, ఫైల్0001.సీహెచ్‌కే అని వరుసగా పడేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. వేరేవాళ్ళకు చెప్పాను కూడా. పనికి తొందరగా ఉందని సరేనని నొక్కి టీ తాగడానికి పోయాను. తిరిగొచ్చేసరికి లేబుళ్ళు చాలావరకు ఉన్నాయి. ‘అవ్వ’ ఫోల్డర్ ఉంది, లోపల ఏమీ లేదు.

అప్పుడు క్యాబినెట్‌ను సంచిలో వేసుకుని శివకాశి బస్సెక్కాను. రిపేరు పిల్లవాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. మొదటి ప్రశ్నే, “అణ్ణాచ్చీ, కాపీ ఉందా?” లేదన్నాను. రెండో ప్రశ్న అడగలేదు. రేకు తీసి, స్విచ్ వేసి, డిస్క్ మీద రెండు వేళ్ళు ఆనించాడు, నాడి చూసినట్టు. “తిరగట్లేదు,” అన్నాడు. కరెంటు ప్లగ్గును కొంచెం కదిపాడు. గుర్రుమంది. వదిలాడు, ఆగింది. ఇంతే. నా విండోస్, నా ఫ్యాను, నా బ్లోయర్, నా బ్యాటరీ, మధ్యలో కొన్న యూపీఎస్, అన్నీ ఆ రెండు వేళ్ళ కింద పోయాయి.

డిస్క్‌కు రెండు రకాల కరెంటు వెళ్ళాలి. లోపలి ఎలక్ట్రానిక్ పలకకు 5 వోల్టులు, మోటారుకు 12 వోల్టులు. నిలిచి ఉన్న పళ్ళేలను పూర్తి వేగానికి లేపే ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల తీగ మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఒకసారి తిరిగాక చాలా తక్కువతో సరిపెట్టుకుంటుంది. నా పెట్టెలో సప్లై నుంచి వచ్చే పాతకాలపు నాలుగు కాళ్ళ ప్లగ్గుకు ఒక చవక అడాప్టర్ తగిలించి, దాన్నుంచి డిస్క్‌కు సాటా కరెంటు ఇచ్చి ఉంది. ఆ కాళ్ళు దూరే నాలుగు గొట్టాల్లో పన్నెండు వోల్టులది వదులై నోరు తెరిచింది. తక్కువ అడిగితే ఇస్తుంది, ఎక్కువ అడిగితే ఇవ్వదు. అందుకే పొద్దున స్విచ్ వేసేటప్పుడు మొరాయింపు, ఒకసారి లేచాక రోజంతా పని. వాడుతున్నకొద్దీ గొట్టం ఇంకా వదులై, చివరికి నడుస్తుండగా కూడా పోయింది. నేను చరిచిన చరుపులు దాన్ని ఇంకొంచెం వదులు చేసి ఉంటాయని పిల్లవాడు అనలేదు, మర్యాదస్తుడు.

ఆ అడాప్టర్ పెట్టింది ఎవరు? ఇదుగో, ఈ చెయ్యే. ఎస్‌ఎస్‌డి కొన్న రోజున సప్లైలో సాటా ప్లగ్గు ఒకటి తక్కువైంది. కొత్త వస్తువు మీద మోజుతో నేరుగా వచ్చే మంచి ప్లగ్గు ఎస్‌ఎస్‌డికి ఇచ్చి, పాత డిస్క్‌కు అడాప్టర్ తగిలించాను. ఎస్‌ఎస్‌డికి 12 వోల్టులతో పనే లేదు, 5 వోల్టులతోనే బతుకుతుంది. ఆ రెండు ప్లగ్గులు అటుదిటు మార్చి ఉంటే పైసా ఖర్చు లేకుండా ముగిసేది. ఇంట్లో దొంగతనం జరిగితే బయటివాళ్ళ పేర్లన్నీ రాసి ఇచ్చినవాణ్ణి, నా పేరు రాయడం మరిచాను. మనం స్వయంగా చేసిన పని మీద అనుమానం రాదు. ఎండ మీద వస్తుంది, దుమ్ము మీద వస్తుంది, మైక్రోసాఫ్ట్ మీద ఎప్పుడూ వస్తుంది.

ఇంకా ఉంది. డిస్క్ తన డైరీ తాను రాసుకుంటుంది, స్మార్ట్ అంటారు. ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాంతో చదవొచ్చు. పిల్లవాడు తెరిచి చూపించాడు. చెడిపోయి పక్కకు తప్పించిన సెక్టార్లు, 5వ వరుస: సున్నా. డేటా కేబుల్ తప్పులు, 199వ వరుస: దాదాపు ఏమీ లేవు. కరెంటు హఠాత్తుగా పోయి హెడ్డును ఆదరాబాదరాగా ఒదిగించుకున్న సార్లు, 192వ వరుస: అంకె చూసి నేను పక్కకు తిరిగాను. డిస్క్ ఆరోగ్యంగా ఉంది, నాకు కరెంటు సరిగా రావడం లేదు మహాప్రభో అని ప్రతిసారీ రాసుకుంటూనే ఉంది. చదవలేదు నేను. అవ్వ మాటలు వినలేదు, భార్య మాట వినలేదు, డిస్క్ మాట వినలేదు.

సప్లై మార్చి, డిస్క్‌కు నేరు ప్లగ్గు ఇచ్చాం. ఫౌండ్.000లోని పేరు లేని ఫైళ్ళను వేరే డిస్క్‌లోకి తీసి, వాటి తోక మార్చి ఒక్కొక్కటే తెరిచి చూస్తే కొన్ని పలికాయి. కొన్ని సగంలో ఆగాయి. కొన్ని పలకనే లేదు. పేర్లు లేవు గనక ఏది ఏ కథో తెలియాలంటే వినాలి. సాయంత్రాలు వింటున్నాను. పక్కనే మంచం మీద అవ్వ. ఒక రోజు ఏటి దాటుడు కథ వస్తుంటే ఆమె అడ్డం తగిలింది.

“యారురా ఆ ముసిల్ది? కత తప్పు చెప్తాది.”

నువ్వే అంటే ఒప్పుకోలేదు. సరైన కథ ఇదీ అని మొదటినుంచి చెప్పింది. రికార్డు చేశాను. వేరే కథే అది, ఏరు కూడా వేరే.

ఇప్పుడు కాపీలు ఉన్నాయి. ఒక బయటి డిస్క్ నా భార్య బీరువాలో, పట్టుచీరల కింద ఉంటుంది. శుక్రవారం తీసి ఇస్తుంది. కాపీ అయ్యాక ఏది, చూపించు అని, ఒక ఫైలు పాడించుకుని విన్నాక గానీ తిరిగి లోపల పెట్టదు. తాళం నాకివ్వదు.

ఆ అడాప్టర్ పారేయలేదు. డబ్బు పెట్టి కొన్నది కదా. సొరుగులో ఉన్న పాత డీవీడీ డ్రైవుకు తగిలించాను. ఈమధ్య డీవీడీ అప్పుడప్పుడు కనబడటం లేదు. పోయిన వారం వచ్చిన విండోస్ అప్‌డేట్ వల్లనేమో.